తెల్ల అంబాసిడర్‌ను ఫొటోలో ఆకుపచ్చగా చూడాలంటే

పాఠకుల ప్రశ్నలు – ఫొటో సలహాలు

ప్రశ్న: మా నాన్నగారు 1986లో కొన్న మార్క్ 4 అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. తెల్ల రంగు పెచ్చులూడుతోంది కనుక ఈసారి ముదురు ఆకుపచ్చ వేయించాలని ఆయన ముచ్చటపడుతున్నారు. షెడ్డుకు పంపే ముందు ఎలా ఉంటుందో చూపిద్దామని, కపిలతీర్థం దగ్గర వెనుక కొండ కనిపించేలా కారు నిలిపి, పక్కన ఆయనను నిలబెట్టి ఫొటో తీశాను. ఫోన్ యాప్‌లో రంగు మారిస్తే కారుకు పచ్చ కాగితం చుట్టినట్టు వచ్చింది; నాన్నగారి పంచె అంచు, బంపర్ కూడా పచ్చబడ్డాయి. ఫొటోషాప్‌లో హ్యూ స్లైడర్ ఎంత జరిపినా ఏమీ మారలేదు. తప్పెక్కడ జరిగింది?
– ఒక పాఠకుడు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: మీరు ఎంచుకున్న మార్పే కష్టమైన వాటిలో ఒకటి. ఎర్ర కారును నీలంగా మార్చడం తేలిక, ఎందుకంటే రెండింటిలోనూ రంగు ఉంది, వెలుగు కూడా ఇంచుమించు ఒక్కటే. తెలుపులో మాత్రం మార్చడానికి అసలు రంగే లేదు. హ్యూ స్లైడర్ ఉన్న రంగును మరో రంగుగా తిప్పుతుందే తప్ప లేని రంగును పుట్టించలేదు. అందుకే మీ కారులో చలనం లేకపోయింది. ఎండలో తెల్ల బానెట్ వెలుగు, 0 నుంచి 255 వరకు ఉండే కొలతలో, దాదాపు 230 ఉంటుంది. ముదురు ఆకుపచ్చ బానెట్ అదే ఎండలో 50 దరిదాపుల్లో ఉంటుంది. అంటే మీరు ముందు మార్చవలసింది వెలుగును, ఆ తరువాతే రంగును. యాప్ చేసిన తప్పు కూడా ఇదే: వెలుగును అలాగే ఉంచి పైన పచ్చదనం పులిమింది.

పని మొదలుపెట్టే ముందు అసలు ఫొటోను వేరుగా దాచి, నకలు మీదే చేయండి. మొదట పెయింటు ఉన్న రేకును మాత్రమే పెన్ టూల్‌తో (అంచు వెంట చుక్కలు పెడుతూ గీత గీసే సాధనం) ఎంచుకోవాలి. దీనికి ఒక సాయంత్రమంతా పట్టినా తొందరపడకండి, ఫలితంలో సగం ఇక్కడే తేలిపోతుంది. అద్దాలు, వాటి చుట్టూ ఉన్న రబ్బరు, హెడ్‌లైట్ల రింగులు, గ్రిల్, తలుపుల పిడులు, నంబరు ప్లేటు బయట ఉండాలి. అద్దంలోంచి తలుపు లోపలి రేకు కనిపిస్తుంటే దాన్ని మరచిపోకండి. అది తెల్లగా మిగిలిపోతే చూసేవారికి వెంటనే అనుమానం వస్తుంది. అంచును ఒక పిక్సెల్ మేర మెత్తబరచండి. నాన్నగారి పంచె పచ్చబడడానికి యాప్ అంచనా తప్పడం ఒక్కటే కారణం కాకపోవచ్చు. ఫోన్లు జేపెగ్ ఫైలులో వెలుగును పూర్తి వివరంగానూ, రంగును అంతకంటే తక్కువ వివరంగానూ దాస్తాయి కనుక, రంగులు కలిసే అంచుల్లో కాస్త కారడం సహజం. మీ ఫోన్‌లో రా ఫైలు (కెమెరా పట్టిన వివరాన్ని జేపెగ్‌గా మార్చకముందే దాచేది) తీసే వీలుంటే ఉదయం నీడపట్టున మరొకసారి తీయండి. ఎండ పడి పూర్తిగా తెల్లబారిన చోట వివరమే ఉండదు కాబట్టి దాన్ని చీకటి చేస్తే బూడిద మరకలా తేలుతుంది.

ఎంపిక పూర్తయ్యాక, దాన్నే మాస్కుగా, అంటే ఎంచుకున్న చోటే మార్పు పడేలా చేసే ముసుగుగా, ఉంచి కర్వ్స్ లేయర్ (వెలుగును పెంచి తగ్గించే పొర) పెట్టి కారును ముదురు బూడిద రంగు దాకా దించండి. దాని పైన అదే మాస్కుతో ఆకుపచ్చ నిండిన లేయర్ ఉంచి బ్లెండ్ మోడ్‌ను (పైపొర కిందిదానితో కలిసే తీరు) కలర్‌గా మార్చండి. ఈ మోడ్ వర్ణాన్నీ గాఢతనూ పైలేయర్ నుంచి తీసుకుని, వెలుగునీడలను కిందిదాని నుంచే ఉంచుతుంది. ఉచితంగా దొరికే గింప్‌లోనూ ఈ రెండు సౌకర్యాలూ ఉన్నాయి.

ఇంతవరకు చాలామంది చేస్తారు, అయినా కారు ప్లాస్టిక్ బొమ్మలా కనిపిస్తుంది. కారణం మెరుపు. పెయింటు మీద పడిన వెలుతురులో కొంత లోపలికి వెళ్లి రంగు పులుముకుని తిరిగి వస్తుంది, కొంత నున్నటి పైపొర నుంచే అద్దంలో లాగా తిరిగి వస్తుంది. రెండో దానికి కారు రంగుతో సంబంధం లేదు. ఆకాశం ఆకాశంలాగే, సూర్యుడి చుక్క తెల్లగానే ఉండాలి. కర్వ్స్‌తో అంతా దించినప్పుడు ఈ మెరుపులు కూడా చచ్చిపోతాయి, పైన ఆకుపచ్చ కూడా అంటుకుంటుంది. కాబట్టి మెత్తని బ్రష్‌తో ఆ చోట్ల రెండు లేయర్ల మాస్కులనూ కొద్దికొద్దిగా చెరిపి, మెరుపును వెనక్కి తేవాలి. అంబాసిడర్‌లో గుండ్రటి బానెట్ నడిమి వంపు, ముందు మడ్‌గార్డుల భుజాలు, పైకప్పు అంచు, ఈ మూడింటి మీద గీతలా సాగే వెలుగు సరిగా కుదిరితే మిగతాది దానంతటదే నమ్మకంగా కనిపిస్తుంది.

తెల్ల కారు మీద పరిసరాల ప్రతిబింబం ఉన్నా కనిపించదు. పెయింటు వెలుగులో మునిగిపోతుంది. ముదురు కారు మీద అదే ప్రతిబింబం స్పష్టంగా తేలుతుంది. నిజంగా ఆకుపచ్చ అంబాసిడర్‌ను అక్కడ నిలిపి ఉంటే తలుపుల మీద నాన్నగారి పంచె తెల్లటి చారగా, కింది భాగంలో రోడ్డు మసకగా కనిపించేవి. ఫొటోలోని పంచె, రోడ్డు భాగాలను నకలు తీసి మసకబరచిన లేయర్ ఒకటి, కిందిదానికి వెలుగును జోడించే స్క్రీన్ మోడ్‌లో, పది పదిహేను శాతం బలంతో వేస్తే చాలు. బంపర్ క్రోమ్ అయినా, దాని పైఅంచులో కారు రేకు ప్రతిఫలిస్తుంది కదా. అక్కడొక్కచోట సన్నగా పచ్చదనం ఇవ్వండి. ఈ పనికి అరగంట వెచ్చించడం నాకు ఎంతో ఇష్టం, కారు నేల మీద నిలబడినట్టు అనిపించేది అప్పుడే.

ఒక్క మాట మాత్రం మనసులో పెట్టుకోండి. తెర మీది ఆకుపచ్చ నాన్నగారిని ఒప్పించడానికి పనికొస్తుంది గాని పెయింటరుకు కొలత కాదు. పెయింటరుతో ఒక చిన్న రేకు ముక్క మీద కొట్టించి, ఎండలోనూ ట్యూబులైటు కిందా చూసి ఖాయం చేసుకోండి. ఆర్‌సీలో రంగు నమోదై ఉంటుంది కాబట్టి, మార్పును రవాణా శాఖ కార్యాలయంలో రాయించుకోవాలి.

ప్రశ్న: మా తాతగారి పాత ఫియట్ పక్కన కుటుంబమంతా నిలబడిన నలుపు తెలుపు ఫొటో ఉంది. కారు ఇప్పుడు నీలం, కానీ మొదట ఏ రంగో ఎవరికీ గుర్తులేదు. ఫొటోలోని బూడిద రంగును బట్టి అసలు రంగు చెప్పగలరా? కంప్యూటర్‌తో వేయించిన రంగును నమ్మవచ్చా?
– ఒక పాఠకురాలు, గిరింపేట, చిత్తూరు

జవాబు: చెప్పలేమండీ. నలుపు తెలుపు ఫిల్ములో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ ఒకే బూడిదగా పడగలవు. పైగా ఆర్థోక్రొమాటిక్ ఫిల్ముకు ఎరుపు కనిపించదు కనుక ఎర్ర కారు దాదాపు నల్లగా వస్తుంది; అన్ని రంగులకూ స్పందించే పాంక్రొమాటిక్ ఫిల్ములో అదే కారు మధ్యస్థంగా వస్తుంది. కంప్యూటర్ ఊహించి వేసే రంగు ఎంత అందంగా ఉన్నా ఊహే.

కారు మీ దగ్గరే ఉంది కాబట్టి దాన్నే అడగండి. డాష్‌బోర్డు కింద, వెనుక సీటు వెనకాల, డిక్కీ మూత లోపల, తలుపు బందుల సందుల్లో రెండోసారి పెయింటు కొట్టినవారి చేయి చాలాసార్లు చేరి ఉండదు. అక్కడా నీలమే ఉంటే, కనిపించని మూలలో రూపాయి బిళ్లంత మేర సన్నటి వాటర్ పేపరుతో తడిపి మెల్లగా రుద్దించండి. పొరలు ఒకదాని చుట్టూ ఒకటి వలయాల్లా బయటపడతాయి. అన్నిటికంటే అడుగున, రేకు మీద ఉన్న ప్రైమర్‌ను (రంగుకు ముందు వేసే పూత) ఆనుకుని ఉన్న వలయమే మొదటి రంగు. అయితే ఎప్పుడైనా పాత రంగంతా రేకు దాకా గీకించి ఉంటే ఈ ఆధారం దొరకదు. దొరికితే దాన్ని నీడపట్టున ఒక తెల్ల కాగితం పక్కన పెట్టి ఫొటో తీసి, ఆ కాగితం తెల్లగా కనిపించేలా సరిచేసుకుని, ఆ రంగును మీ పాత ఫొటోలో కలర్ మోడ్‌లో వేయించండి. కారు వరకు రంగు నిజమైనదనీ, చీరలు, చొక్కాల రంగులు ఊహించి వేసినవనీ ఆ ప్రతి వెనుక తేదీతో రాసి, అసలు ఫొటోతో పాటే ఆల్బంలో ఉంచండి.