కంప్యూటర్ కంటే ముందే మొదలైన లెక్కలు

ప్రశ్న: విద్యుత్, అయస్కాంత క్షేత్రాల నడవడిని చెప్పే మాక్స్‌వెల్ సమీకరణాలు పందొమ్మిదో శతాబ్దంలోనే సిద్ధమయ్యాయి కదా, యాంటెన్నాల లెక్కలకు మళ్ళీ సంఖ్యాత్మక పద్ధతులు (సూత్రం బదులు అంకెలతో ఉజ్జాయింపుగా సాధించే పద్ధతులు) ఎందుకు కావలసి వచ్చాయి? అవన్నీ కంప్యూటర్లు వచ్చాక పుట్టినవేనా?
– ఒక ఇంజనీరింగ్ విద్యార్థిని

జవాబు: రెండో ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను: కావు. ఈ దారిలో తొలి అడుగులు వేసినవారిలో మాక్స్‌వెల్ కూడా ఉన్నారు. శాస్త్రవేత్త హెన్రీ కావెండిష్ విద్యుత్ పరిశోధనల రాతప్రతులను 1879లో ప్రచురిస్తూ, చదరపు లోహపు పలక కెపాసిటీని (విద్యుదావేశాన్ని నిలుపుకునే సామర్థ్యాన్ని) మాక్స్‌వెల్ లెక్కించవలసి వచ్చింది. దానికి సూత్రమేదీ లేదు. అందుచేత పలకను 36 సమానమైన గళ్ళుగా విభజించి, ఒక్కొక్క గడిలోని విద్యుదావేశాన్ని తెలియని రాశిగా తీసుకుని, అన్ని గళ్ళ మధ్యబిందువుల వద్ద పొటెన్షియల్ (విద్యుత్ పీడనం వంటిది) ఒకటే కావాలన్న నియమంతో ఆ రాశులను సాధించారు. పలక సౌష్ఠవం వల్ల తెలియని రాశులు ఆరుకు తగ్గుతాయి కాబట్టి అది చేత్తో చేయదగిన లెక్కే. గోళం కెపాసిటీని దాని వ్యాసార్ధంతో కొలిచే పద్ధతిలో, పలక కెపాసిటీ భుజానికి 0.3607 రెట్లని ఆయన తేల్చారు. నేటి కచ్చితమైన లెక్కలో అది దాదాపు 0.3668. హారింగ్టన్ 1968 నాటి గ్రంథంతో యాంటెన్నా ఇంజనీర్లకు సుపరిచితమైన మొమెంట్ పద్ధతి సారాంశం దాదాపు ఇదే.

ఇక మొదటి ప్రశ్న. సమీకరణాలు చేతిలో ఉన్నా, వాటికి పూర్తి పరిష్కారం దొరికే ఆకారాలు బహు తక్కువ. పలుచని అర్ధతలానికి (ఒక అంచు నుంచి అనంతంగా సాగే పలకకు) భౌతిక శాస్త్రవేత్తలు సొమర్‌ఫెల్డ్ 1896లో, గోళానికి గుస్టావ్ మీ 1908లో పరిష్కారాలు సాధించారు. విమానం రెక్క వంటి ఆకారానికి అలాంటి అదృష్టం లేదు. మొమెంట్ పద్ధతిలో ఉపరితలాన్ని మాత్రమే ముక్కలు చేస్తే చాలు గానీ, ప్రతి ముక్కా మిగిలిన అన్నిటితో ముడిపడుతుంది; ముక్కలు రెట్టింపైతే ఆ సమీకరణాల గుణకాల పట్టిక (మాత్రిక) నాలుగింతలవుతుంది, దాన్ని నేరుగా సాధించే శ్రమ ఎనిమిదింతలవుతుంది.

1966లో కేన్ యీ మరో దారి చూపారు. ప్రదేశమంతటినీ చిన్న గళ్ళుగా చేసి, విద్యుత్, అయస్కాంత క్షేత్రాలను ఒకే చోట కాక సగం గడి, సగం కాలాంశం (లెక్కలో ఒక్కో అడుగుకు తీసుకునే చిన్న కాలం) ఎడంగా ఉంచి, ఒకదాని నుంచి మరొకదాన్ని వంతులవారీగా ముందుకు నడిపారు. ఇక్కడ మాత్రికను సాధించే పనే లేదు. ఆ సరళత నాకు ఇప్పటికీ ముచ్చటగా తోస్తుంది. అయితే కాలాంశం ఒక హద్దు దాటితే లెక్క అదుపు తప్పి అంకెలు పేలిపోతాయి. ఇలాంటి నియమాన్ని కూరాంట్, ఫ్రీడ్రిక్స్, లెవీ 1928లోనే చెప్పి ఉన్నా, కేన్ యీ తన వ్యాసంలో ఇచ్చిన హద్దు సరైనది కాదు. దాన్ని 1975లో టాఫ్లోవ్, బ్రాడ్విన్ సరిదిద్దారు.

అంతకంటే మొండి చిక్కు గళ్ళు ముగిసే చోట ఎదురైంది. అనంతంగా సాగిపోవలసిన అల, లెక్క కోసం మనం గీసిన అంచును గోడలా తాకి వెనక్కి తిరిగి ఫలితాన్ని పాడుచేస్తుంది. 1981లో ముర్ ఇచ్చిన అంచు నియమం ఆ ప్రతిఫలనాన్ని తగ్గించింది. 1994లో బెరెంజే కల్పించిన పొర, ఏ కోణంలో వచ్చిన అలనైనా సిద్ధాంతరీత్యా ప్రతిఫలించకుండా తనలోకి తీసుకుని క్షీణింపజేస్తుంది. గళ్ళుగా విడగొట్టాక మాత్రం కొద్దిపాటి ప్రతిఫలనం మిగులుతుంది, పొర మందం పెంచి దాన్ని తగ్గించుకుంటారు.