మామగారి పాత కారు, మావారు కోరే పెద్ద కారు

ప్రశ్న: మాది నల్లగొండ. నేను ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. మావారు ప్రైవేటు సంస్థలో పనిచేస్తారు. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 1,17,000 రూపాయలు వస్తాయి, అందులో ఇంటి రుణానికి 21,000 పోతుంది. మామగారు ఉపాధ్యాయులుగా పదవీ విరమణ చేసినప్పుడు 2011లో కొన్న వ్యాగన్ఆర్ కారే ఇప్పటికీ మా ఇంటి బండి. కిందటి వేసవిలో శ్రీశైలం ఘాటులో అది వేడెక్కి ఆగిపోయింది. మోకాళ్ల నొప్పులున్న అత్తగారితో, ఇద్దరు పిల్లలతో రెండు గంటలు రోడ్డు పక్కన కూర్చున్నాం. అప్పటినుంచి మావారు ఏడుగురు కూర్చునే పెద్ద ఎస్‌యూవీ కొనాలని పట్టుబట్టారు. ఆన్‌రోడ్ ధర 22 లక్షలు. అమ్మాయి ఇంజినీరింగ్ చదువుకోసం వేసిన 6 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ తీసి కడదామని, మిగతా 16 లక్షలు ఏడేళ్ల రుణం తీసుకుందామని ఆయన అంటున్నారు. మా చెల్లెలి భర్త రెండేళ్ల కిందట అలాంటి కారే కొన్నారు. నేను వద్దంటే "బండ్ల సంగతి నీకేం తెలుసు" అంటున్నారు. మామగారేమో "నేను పోయాక అమ్ముకోండి" అని ఒక పూట అన్నం మానేశారు. నాలుగు నెలల్లో పాత కారు రిజిస్ట్రేషన్ గడువు ముగుస్తుంది. చేతిలో 3 లక్షలు ఉన్నాయి. నెల రోజులుగా ఇంట్లో సరిగా మాటలు లేవు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ముగ్గురూ మూడు వైపులా లాగుతున్నట్టు మీరు రాశారు కానీ, నాకు ముగ్గురి మాటలోనూ నిలబడవలసిన భాగం ఒకటి కనిపించింది. బండి మార్చాలన్న మీవారి మాట సరైనది. అమ్మాయి చదువుకు దాచిన డబ్బు ముట్టుకోకూడదన్న మీ మాట సరైనది. తన పేరున ఉన్న, తన కష్టార్జితంతో కొన్న బండిని తనను అడగకుండా అమ్మే మాట ఎత్తకూడదన్న మామగారి బాధ కూడా సరైనదే. ఈ మూడింటిలో ఏ ఒక్కటి వదిలేసినా ఇంటికి వచ్చే కొత్త బండి వెనుక సీటులో ఆ మనస్తాపం కూర్చునే ఉంటుంది.

ముందుగా మీ ఇంట్లో తొందర పుట్టిస్తున్న నాలుగు నెలల గడువు సంగతి చెబుతాను. సొంత వాడకానికి తీసుకున్న కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు ముగుస్తుంది కానీ, దాని అర్థం బండి కాలం తీరిపోయిందని కాదు. రవాణా శాఖ కార్యాలయానికి తీసుకెళ్లి తనిఖీ చేయించి, రుసుమూ హరిత పన్నూ కడితే మరో ఐదేళ్లకు పునరుద్ధరించుకోవచ్చు. కాలం చెల్లిన వాహనాలను అడ్డుకుంటారంటూ వినిపించే కఠిన నిబంధనలు ఢిల్లీ రాజధాని ప్రాంతానికి సంబంధించినవి, నల్లగొండకు వర్తించవు. కాబట్టి గడువు ముంచుకొస్తోందని షోరూంలో సంతకం పెట్టవలసిన అవసరం మీకు లేదు. అయితే 2011 నాటి చిన్న కార్లలో చాలావాటికి ఎయిర్‌బ్యాగులు ఉండవు. ముందు సీట్లు రెండింటికీ అవి తప్పనిసరి అయింది ఈ దశాబ్దం మొదట్లోనే. మీ కారు ఒకసారి ఘాటులో ఆగిపోయింది కూడా. అందుకని ఊళ్లో తిరగడానికి ఉంచుకోండి, ఘాటు రోడ్లకూ హైవే ప్రయాణాలకూ మాత్రం అద్దె బండి తీసుకోండి. ఆ మాట ముందే మీరు ఇస్తే, బండి వద్దే వద్దంటున్నారన్న అపోహ మీవారిలో సగం తగ్గుతుంది.

ఇక మీవారి గురించి. శ్రీశైలం ఘాటులో ఆ రెండు గంటలు ఆయనకు ఎలా గడిచాయో మీరు ఎప్పుడైనా అడిగారా? తల్లి నొప్పితో మూలుగుతుంటే, పిల్లలు దాహమంటుంటే, పక్కనుంచి పెద్ద పెద్ద బండ్లు సాఫీగా ఎక్కి వెళ్తుంటే, ఇంటి మగవాడిగా తాను ఏమీ చేయలేకపోయానన్న చిన్నతనం మనసులో నాటుకుపోతుంది. దానికి తోడు, మీ చెల్లెలి భర్త కారు మీ పుట్టింటి ముందు ఆగిన రోజున అందరూ దాని చుట్టూ చేరి మెచ్చుకునే ఉంటారు, బహుశా మీరు కూడా రెండు మాటలు అనే ఉంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ అత్తవారింట్లో ఇద్దరు అల్లుళ్ల మధ్య పోలిక ఎవరూ నోటితో చేయకపోయినా, తక్కువైనట్టు అనిపించిన అల్లుడి చెవికి అది వినిపిస్తూనే ఉంటుంది. నా దగ్గరకు వచ్చిన కుటుంబాల్లో బండి గురించి, ఇంటి గురించి, బంగారం గురించి జరిగిన ఎన్నో తగవుల అడుగున ఇలాంటి చెప్పుకోలేని పోలికే ఉండటం చూశాను. ఆయన 22 లక్షల కారు అడుగుతున్నప్పుడు అడుగుతున్నది ఏడు సీట్లు మాత్రమే కాదు, మీ కళ్లలో తన విలువ కూడా. అది మీరు ఈఎంఐ లెక్కతో ఇవ్వలేరు. కాబట్టి లెక్కలు తీయడానికి ముందు ఒక సాయంత్రం, పిల్లలు లేనప్పుడు, "ఆ రోజు ఘాటులో మీరు ఎంత బాధపడ్డారో నాకు అప్పుడు అర్థం కాలేదు" అని మొదలుపెట్టండి. చెల్లెలి ఇంటి ప్రస్తావన మీరు తేవద్దు, ఆయన తెస్తే మాత్రం వినండి, వాదించకండి.

ఆ తర్వాతే లెక్క. 16 లక్షలు 9 శాతం వడ్డీకి ఏడేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 25,740 రూపాయలు కట్టాలి, మొత్తం మీద వడ్డీయే 5 లక్షల 62 వేలు దాటుతుంది. ఇంటి రుణంతో కలిపితే నెలకు 46,700, అంటే మీ ఇద్దరి జీతంలో ఐదింట రెండు వంతులు ఇల్లు దాటకముందే పోతాయి. ఏడాదిన్నరలో అమ్మాయి ఇంజినీరింగ్‌లో చేరుతుంది, అప్పటికి డిపాజిట్ ఉండదు. ఇదే వడ్డీకి మరో దారి చూడండి. దాదాపు 12 లక్షల ఆన్‌రోడ్ ధరలో బండి తీసుకుని, చేతిలోని 3 లక్షలు కట్టి, 9 లక్షలు ఐదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 18,680 అవుతుంది, వడ్డీ 2 లక్షల 21 వేల దగ్గర ఆగుతుంది, డిపాజిట్ చెక్కుచెదరదు. ఇక్కడ కూడా ఒక లోపం ఉంది. చేతిలోని 3 లక్షలూ పోతే ఇంట్లో ఆసుపత్రి ఖర్చు వచ్చినప్పుడు దిక్కుండదు. అందుకే రిజిస్ట్రేషన్ పునరుద్ధరించుకుని, ఇప్పటినుంచే కొత్త కారు కిస్తీ కడుతున్నట్టుగా నెలకు 18,000 పక్కన వేస్తూ ఎనిమిది నెలలు ఆగమని నా సలహా. ఆ కిస్తీ మీకు భారమో కాదో అప్పు చేయకుండానే తెలిసిపోతుంది, లక్షా 44 వేలు కూడా చేరతాయి. ఈ ఎనిమిది నెలల మాటే మీవారికి అన్నిటికంటే కష్టంగా అనిపిస్తుందని నాకు తెలుసు. దాన్ని నిరాకరణగా కాక, తేదీ వేసుకున్న ఒప్పందంగా ఆయన ముందు పెట్టండి. ఏ నెలలో కొంటారో కేలండర్ మీద ఆయన చేతే రాయించండి.

బండి ఎంపికకు నేను సాంకేతిక నిపుణురాలిని కాను కానీ, ఈ విషయంలో మనసుకూ ఇనుముకూ సంబంధం ఉన్నచోట్లు కొన్ని తెలుసు. గత సంవత్సరం మీ కారు ఏ రోజు ఎక్కడికి, ఎంతమందితో వెళ్లిందో ఇంటిల్లిపాదీ కూర్చుని గుర్తున్నంతవరకు రాయండి. బడి, మార్కెట్, ఆసుపత్రి, నెలకోసారి హైదరాబాదు, ఏడాదికి రెండు మూడు తీర్థయాత్రలు. అందులో ఏడుగురు నిజంగా ఎక్కిన రోజులు ఎన్నో లెక్క తేలుతుంది. ఆడపడుచు కుటుంబం బతుకమ్మకో సంక్రాంతికో వచ్చినప్పుడు ఏడు సీట్లు నిండుతాయి నిజమే, కానీ మూడో వరుసలో మనుషులు కూర్చుంటే వెనుక సామాను పెట్టే చోటు దాదాపు ఉండదు, మోకాళ్ల నొప్పులున్నవారు ఆ వరుసలోకి దూరలేరు. ఆ నాలుగైదు రోజులకు అద్దె బండి తెచ్చుకోవడానికి ఏటా అయ్యే ఖర్చు, పెద్ద బండికి అదనంగా కట్టే వడ్డీతో పోలిస్తే ఎంతో తక్కువ. స్కార్పియో ఎన్, సఫారీ వంటి ఏడు సీట్ల బండ్లు నాలుగున్నర మీటర్ల కంటే పొడవైనవి. మీ వ్యాగన్ఆర్ మూడున్నర మీటర్లకు కాస్త ఎక్కువ. మీ గేటునూ వీధి మలుపునూ టేపుతో కొలిచి చూడమని మీవారికే అప్పగించండి.

అత్తగారిని టెస్ట్ డ్రైవ్‌కు తప్పక తీసుకెళ్లండి. ఆమె రాకుండా ఏ నిర్ణయమూ వద్దు. బాగా ఎత్తున్న బండి ఎక్కడం మోకాళ్లకు ఎంత కష్టమో, బాగా కిందకున్న సీటులోంచి లేవడం కూడా అంతే కష్టం. నిలబడినప్పుడు సీటు ఆమె తుంటి ఎత్తుకు దగ్గరగా ఉంటే, కాలు ఎత్తకుండా కూర్చుని తర్వాత కాళ్లు లోపలికి తిప్పుకోగలుగుతారు. ఐదు నిమిషాలు కాదు, అరగంట కూర్చోబెట్టండి, మూడుసార్లు ఎక్కించి దింపండి. షోరూంవారు విసుక్కున్నా పట్టించుకోకండి.

ధర విషయంలో ఒక గీత గమనించండి. 2025 సెప్టెంబరు 22 నుంచి, పొడవు నాలుగు మీటర్లకు మించని కార్లలో పెట్రోలు ఇంజను 1,200 సీసీ, డీజిలు ఇంజను 1,500 సీసీ దాటకపోతే జీఎస్టీ 18 శాతం, దాటితే 40 శాతం. నెక్సాన్, వెన్యూ, సోనెట్, ఎక్స్‌యూవీ 3ఎక్స్‌ఓ మొదటి వర్గంలోకి వస్తాయి. బ్రెజా పొడవు నాలుగు మీటర్ల లోపే అయినా దాని పెట్రోలు ఇంజను 1,462 సీసీ కనుక రెండో వర్గంలోకి పోతుంది. మీరు రోజూ తిరిగేది కొద్ది దూరాలే అయితే డీజిలు వద్దు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 కాలుష్య ప్రమాణపు డీజిలు కార్లలో పొగను వడగట్టే జల్లెడ ఉంటుంది, అది శుభ్రపడాలంటే బండి అప్పుడప్పుడు చాలాసేపు వేగంగా నడవాలి, లేకపోతే మసితో పూడుకుపోతుంది. టాప్ మోడల్ సన్‌రూఫ్‌కు పెట్టే డబ్బు ఆరు ఎయిర్‌బ్యాగులున్న మధ్య మోడల్ మీద పెట్టండి. ప్రమాద పరీక్షల్లో ఎన్ని నక్షత్రాలు వచ్చాయో పెద్దలకూ పిల్లలకూ విడివిడిగా చూడండి. భారత్ ఎన్‌క్యాప్ పేరుతో 2023 అక్టోబరు నుంచి మన దేశంలోనే ఆ పరీక్షలు జరుగుతున్నాయి. బీమా షోరూంలోనే తీసుకోవాలన్న నిబంధన లేదు, బయట ధర కనుక్కోండి.

"నీకేం తెలుసు" అన్న మాట మిమ్మల్ని గాయపరిచిందని మీ ఉత్తరం చదివితే తెలుస్తోంది. ఆ మాట ఆయన అనకూడనిది. రుణంలో మీ జీతం లెక్కలోకి వస్తుంది, రుణ పత్రాల మీద మీ సంతకం కూడా అడగవచ్చు. కిస్తీలో సగం మీది అయినప్పుడు నిర్ణయంలో సగం మీదే. అది కోపంతో కాకుండా, ఒకే ఒక్కసారి, స్పష్టంగా చెప్పండి: "డిపాజిట్ తీయడానికి నేను ఒప్పుకోను, మిగతా ఏ విషయమైనా కూర్చుని మాట్లాడుకుందాం." మీరు ఒకచోట గట్టిగా నిలబడి మిగతా చోట్ల వదిలితే ఆ మాటకు బరువుంటుంది. మోడల్, రంగు, కంపెనీ ఆయన ఇష్టానికే వదిలేయండి. ఇంకొకటి కోరతాను: ఈ ఎనిమిది నెలల్లో, ఆ పాత వ్యాగన్ఆర్ మీదే, మీరు కారు నడపడం నేర్చుకోండి. మీకు తీరిక ఉన్న ఆదివారాల్లో మామగారు పక్కన కూర్చుని నేర్పితే మరీ మంచిది. రిటైరైన మాస్టారికి పాఠం చెప్పే అవకాశం మళ్లీ వస్తే ఆయన ముఖంలో వచ్చే మార్పు మీకే తెలుస్తుంది.

మామగారి సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అక్కడ తొందరపడితే మొత్తం చెడుతుంది. ఆ కారు ఆయన పేరున ఉంది. అమ్మాలంటే 29, 30 ఫారాల మీద ఆయన సంతకమే కావాలి, అంటే చట్టం కూడా ఆయన్ని అడగమనే చెబుతోంది. పదిహేనేళ్ల కిందట ఇల్లంతా ఆయన నిర్ణయం మీద నడిచింది, ఆయన చేతిలో ఆ కాలానికి మిగిలిన గుర్తు అదొక్కటే. "నేను పోయాక" అన్న మాటను బెదిరింపుగా తీసుకోకండి. తన తర్వాత అన్న ఆలోచన ఆయన మనసులో ఇప్పటికే తిరుగుతోందని దాని అర్థం. మీవారు ఒక్కరే ఆయన దగ్గర కూర్చుని, అమ్ముతున్నామని చెప్పకుండా, "నాన్నా, ఏం చేద్దామంటావు" అని అడగాలి, అడిగాక ఆయన ఊరుకున్నంతసేపు తానూ ఊరుకోవాలి. ఆ రోజు జవాబు రాకపోవచ్చు. అమ్మాలని ఆయనే అన్ననాడు, మీ ఊరికి దగ్గరలోనే ఉన్న ఛాయా సోమేశ్వరాలయానికి, పానగల్లు దాకా, చివరిసారి ఆ కారులోనే ఇంటిల్లిపాదీ వెళ్లి రండి. ఆయనే నడుపుతానంటే, పగటిపూట, చూపు బాగుంటే, నడపనివ్వండి.

కొనుక్కున్నవారి పేరుకు రిజిస్ట్రేషన్ మారేవరకు ఆ బండితో ప్రమాదం జరిగితే బాధ్యత మామగారి మెడకే చుట్టుకుంటుంది. కాగితాల్లో ఎవరి పేరుంటే వారే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. కాబట్టి డబ్బు చేతికి వచ్చిందని వదిలేయకుండా, పేరు మారిన పత్రం నకలు తెప్పించి మామగారి చేతిలో పెట్టమని మీవారికి చెప్పండి.