ముందు తిరగేసి చూడు

నెల్లూరు

చిరంజీవి సౌభాగ్యవతి శిరీషకు పెదనాన్న ఆశీర్వదించి రాసేది.

కారు బుక్ చేశారని మీ నాన్న ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి మీ పెద్దమ్మకు, నాకు అదే మాట. నువ్వు పంపిన షోరూం కాగితం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. లెదర్ సీట్లు వస్తాయని పై వేరియంట్ తీసుకోవాలా, కింది వేరియంట్ తీసుకుని బయట లెదర్ కుట్టించుకోవాలా అని కదా నీ టెన్షన్. ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది. అల్లుడు కూడా చదవాల్సిన సంగతులు ఇందులో ఉన్నాయి. అందుకే కూర్చుని రాస్తున్నాను.

సీట్ల కోసమే అయితే పై వేరియంట్ వద్దు. ఆ కాగితంలోనే కింద చిన్న అక్షరాల్లో "లెదరెట్" అని ఉంది, చూసుకో. లెదరెట్ అంటే తోలు కాదమ్మా. గుడ్డ మీద ప్లాస్టిక్ పూత పూసిన సరుకు. మనం ఎప్పటి నుంచో రెక్సిన్ అంటున్నామే, ఆ జాతిదే. అందులో మంచి రకం ఉంటుంది, నాసి రకం ఉంటుంది, ఏ రకమైనా గొడ్డు చర్మం మాత్రం కాదు. షోరూం అబ్బాయి నోటితో లెదర్ అనే అన్నాడంటే అతన్ని తప్పు పట్టను, ఊరంతా అట్టాగే అంటోంది. ఖరీదైన కార్లలో అసలు తోలు వేసినా, చాలావాటిలో మనిషి కూర్చునే చోటా వీపు ఆనే చోటా వేస్తారు. పక్కలకు, సీటు వెనకాల ప్లాస్టిక్ సరుకే ఉంటుంది.

మరి అసలుదో కాదో ఎట్టా తెలుసుకోవాలి? పై నునుపు చూడకు, తిరగేసి చూడు. ఈ మాట నేను కార్ల సీట్లు కుట్టే పని నేర్చుకునే రోజుల్లో దెబ్బ తిని నేర్చుకున్నది. ఒకాయన తన అంబాసిడర్ సీట్లకు అసలు తోలు వేయమని అడ్వాన్స్ ఇచ్చాడు. నేను పొద్దున్నే రైలెక్కి మద్రాసు పోయి, ఒక కొట్టులో మంచి లెదర్ అని చెప్పి ఇస్తే ఒక తాను కొనుక్కొచ్చాను. ముదురు ఎరుపు రంగు, చెయ్యి పెడితే జారిపోయేంత నునుపు. మా మేస్త్రి దాని మూల ఒకటి తిరగేసి, నా బొటనవేలు పట్టుకుని దాని మీద రుద్దించాడు. నేత గుడ్డ తగిలింది. "తోలు గుడ్డలా తానుల్లో రాదురా, గొడ్డు ఆకారంలో వస్తుంది" అన్నాడు. ఆ డబ్బు మళ్లీ రాలేదు కానీ ఆ మాట ఇప్పటికీ పనికొస్తోంది.

ఆ తర్వాత ఆ మేస్త్రే నన్ను మద్రాసులో తోలు బజారైన పెరియమేటకు వెంటబెట్టుకుని పోయి నిజమైన తోలు బల్ల మీద పరిపించాడు. చూడాలి శిరీషా ఆ వస్తువుని. నాలుగు కాళ్ల దగ్గర అంచులు బయటికి వచ్చి ఉంటాయి. మెడ దగ్గర ముడతలుంటాయి. ఎక్కడో ముళ్లకంచె గీరిన గాటు, గోమారి కుట్టిన చుక్కలు. వీపు మీద చెయ్యి వేస్తే గట్టిగా, ఒకే మందంగా తగులుతుంది. పొట్ట దగ్గరికి వచ్చేసరికి వదులుగా సాగుతుంది. కూర్చునే ముక్కను వీపు భాగంలోంచే కోయాలి. పొట్ట భాగంలోంచి కోస్తే కుట్టిన రోజు బాగానే ఉంటుంది, ఏడాది తిరిగేసరికి సీటు మీద సంచిలా వేలాడుతుంది. అందుకే తోలు పనిలో కుట్టేవాడి కంటే కోసేవాడు ముఖ్యం. ఒక తోలులో వృథా ఎంత పోతుందో తెలిస్తే అసలు తోలుకు ఆ ధర ఎందుకో అర్థమవుతుంది.

నువ్వు ఏ కొట్టుకు వెళ్లినా ఒక చిన్న కత్తిరింపు ముక్క అడుగు. వెనక నేత గుడ్డ కనిపిస్తే కథ అక్కడితో సరి. ఇప్పుడు కొన్ని మంచి కృత్రిమ రకాలకు వెనక కూడా తోలులాగే నూగు పెడుతున్నారు, కాబట్టి కోసిన అంచు కూడా చూడు. అసలు తోలు పై నుంచి కింది దాకా ఒకటే పీచుగా ఉంటుంది. కృత్రిమానికి పైన పొర వేరు, కింద పొర వేరు, గోటితో విడదీయవచ్చు. ఇంకా అనుమానమైతే ముక్క బయటికి తెచ్చి అగ్గిపుల్ల పెట్టు. తోలు వెంట్రుక కాలిన వాసన వేసి బూడిదవుతుంది. ప్లాస్టిక్ కరిగి ఉండ కడుతుంది. కాల్చకుండా ఉత్త వాసన చూసి మాత్రం నమ్మకు, తోలు వాసన వచ్చే స్ప్రేలు ఉన్నాయి. నప్పా అనీ ఇటాలియన్ అనీ చెప్పే పేర్లు కూడా నమ్మకు. నప్పా అనేది నిజంగా మెత్తటి తోలుకు పేరే, కానీ సీటు కవర్ల బజారులో ఆ పేరుతో అమ్మేది చాలావరకు ప్లాస్టిక్ పూతే. తోలు పొడిని జిగురుతో అతికించి చేసే బాండెడ్ లెదర్ అని ఒకటుంది. అది ఉచితంగా ఇచ్చినా వద్దు, పొట్టు పొట్టుగా రాలిపోతుంది.

ఇదంతా చదివాక, సరే, పెదనాన్నను వెంటబెట్టుకుపోయి అసలు తోలే కొందాం అనుకుంటావు. జీవితమంతా తోలు మీద చెయ్యి వేసి బతికినవాణ్ణి చెబుతున్నాను, మీ ఇంటికి అసలు తోలు వద్దు.

మీ బండి రోజు ఎట్టా గడుస్తుందో ఆలోచించు. పొద్దున నువ్వు స్కూలుకు తీసుకుపోతే సాయంత్రం దాకా ఎండలోనే ఉంటుంది, మీ స్కూల్లో నీడ లేదని నువ్వే చెప్పావు. రోహిణి కార్తెలో ఒంగోలు ఎండ సంగతి నీకు నేను చెప్పాలా? అద్దాలు మూసిన బండిలో లోపలి వేడి బయటి కంటే ఎంతో ఎక్కువ. తోలును పదును చేసేటప్పుడు మెత్తగా ఉండడానికి అందులో నూనె పట్టిస్తారు. ఎండ ఆ నూనెను పీల్చేసుకుంటూ పోతే తోలు బిరుసెక్కి, మడత పడే చోట పగులుతుంది. ఎండ పోయిందనుకుంటే అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుఫాన్లు, ముసురు. మూసి ఉంచిన బండిలో తోలుకు బూజు పడుతుంది. అల్లుడు కొత్తపట్నం రొయ్యల చెరువుల నుంచి తడి ప్యాంటుతో ఎక్కుతాడు, ఆ ఉప్పునీళ్లు తోలును ఎండగడతాయి. మీ అత్తగారి తలకు కొబ్బరినూనె, హెడ్‌రెస్ట్ మీద మరక. చంటిది కక్కిన పాలు కుట్టులోకి దిగాయంటే ఆ వాసన నెలకు కూడా పోదు. అసలు తోలు నీడలో ఉండే బండికి, మూడు నెలలకోసారి తుడిచి కండిషనర్ పట్టించే తీరిక ఉన్నవాళ్లకు అందం. నీకు ఆ తీరిక ఎక్కడిదమ్మా.

కాబట్టి కింది వేరియంట్ తీసుకో. డెలివరీ రోజునే షోరూంలో కవర్లు వేయించకు. రెండు నెలలు కంపెనీ గుడ్డ సీట్ల మీదే తిరగండి. ఎండాకాలానికి గుడ్డంత సుఖం ఏదీ లేదు, దాన్ని చిన్నచూపు చూడొద్దు. ఎవరు ఎక్కడ కూర్చుంటున్నారు, ఏది మురికవుతోంది అనేది అప్పటికి మీకే తెలుస్తుంది. తర్వాత బండి నెల్లూరు తీసుకురండి. ప్లాస్టిక్ పూత సరుకులోనే పీవీసీ అని ఒకటుంది, అందులో మందమైన మంచి రకం వేద్దాం. కూర్చునే చోటా వీపు ఆనే చోటా సన్న చిల్లులున్న సరుకు వేద్దాం, చెమట ఆరుతుంది. పీయూ అనే ఇంకో ప్లాస్టిక్ పూత రకం చేతికి ఇంకా మెత్తగా ఉంటుంది కానీ మన సముద్రపు గాలికి, వేడికి నాలుగైదేళ్లలో పొరలు లేవడం నేను చాలా చూశాను. రంగు నలుపు వద్దు, మధ్యాహ్నం బండి ఎక్కితే తొడలు కాలతాయి. క్రీము రంగు కూడా వద్దు, జీన్స్ ప్యాంటు నీలం దానికి అంటుకుంటే ఏం పెట్టి తుడిచినా పోదు. బూడిద రంగో తేనె రంగో చూసుకో.

ఇప్పుడు అసలు చెప్పదలచుకున్నది. మీ కారులో ముందు రెండు సీట్లకు సైడ్ ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. సీటు వీపు భాగంలో, తలుపు వైపు అంచున చిన్న గుడ్డ ముక్క కుట్టి ఉంటుంది, దాని మీద ఎయిర్‌బ్యాగ్ అని ఇంగ్లీషులో ఉంటుంది. బండికి పక్క నుంచి దెబ్బ తగిలితే, రెప్ప పడేలోపు, ఆ కుట్టు చీల్చుకుని సంచి బయటికి రావాలి. దాని మీద మనం మందపాటి రెక్సిన్ వేసి నైలాన్ దారంతో డబుల్ కుట్టు కుట్టామనుకో, ఆ సంచికి దారేది?

ఈ తప్పు నేనే చేశాను శిరీషా. కావలి నుంచి ఒకాయన వీపు నొప్పిగా ఉంది, ఫోము మార్చమని బండి తెచ్చాడు. అంతకు ముందు సంవత్సరం నేను కుట్టిన కవరే. విప్పుతుంటే లోపల ఆ గుడ్డ ముక్క కనిపించింది. దాని మీదుగా నా కుట్టు, సన్నగా, వరసగా, గట్టిగా. నా చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆ బండిలో ఆయన కూతురు ముందు సీట్లో కూర్చుని రోజూ కాలేజీకి పోతోందట. ఆ రాత్రే బిల్లు పుస్తకాలు ముందేసుకుని, ఎయిర్‌బ్యాగులున్న బండ్లకు నేను కుట్టిన కవర్ల లెక్క తీశాను. అందరికీ ఫోన్ చేసి పిలిపించి, పక్క కుట్లు విప్పి, డబ్బు తీసుకోకుండా మళ్లీ కుట్టి ఇచ్చాను. ఇద్దరు మాత్రం రాలేదు. వాళ్ల బండ్లు రోడ్డు మీద కనిపిస్తాయేమోనని ఇప్పటికీ చూస్తుంటాను.

అందుకని ఎవరి దగ్గర కుట్టించినా ఆ పక్క భాగం తెరిచి వదలాలి, లేదా సంచి వస్తే తెగిపోయే బలహీనమైన దారంతో కుట్టాలి. ఆ దారం ఏదో నీకు చూపించమను. ఎయిర్‌బ్యాగుకు ఏం కాదులే అని మాట దాటేసేవాడి దగ్గర నుంచి బండి తీసుకుని వచ్చేయ్. సీటు విప్పాల్సి వస్తే కింద పసుపు రంగు కనెక్టరు ఉంటుంది, అది ఎయిర్‌బ్యాగు వైరు. బ్యాటరీ తీయకుండా దాన్ని ముట్టుకోనివ్వద్దు. వెనక సీట్లో బెల్టు బకిల్స్ కవరు కిందికి పోకూడదు. చంటిదాని సీటు తగిలించే ఐసోఫిక్స్ కొక్కాలు వెనక సీటు మడత సందులో ఉంటాయి, వాటి దగ్గర చీలిక వదలాలి.

శుభ్రానికి పెద్ద పని లేదు. తడి పిండిన మెత్తటి గుడ్డతో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టు. డాష్‌బోర్డు మెరుపు కోసం కొట్టే స్ప్రే సీట్ల మీద కొట్టకు, జారిపోతారు. నిమ్మకాయ రుద్దితే మరక పోతుందని ఎవరైనా చెబితే వినకు. పార్క్ చేసినప్పుడు ముందు అద్దానికి సన్‌షేడ్ పెట్టు.

నీకు అసలు తోలు మీద అంత మనసుంటే స్టీరింగుకు వేద్దాం. అక్కడ దానికి సాటి వచ్చేది లేదు. అరచేతి చెమట పీల్చుకుంటుంది, పట్టు జారదు, రోజూ చెయ్యి తగిలేకొద్దీ ఇంకా మెత్తబడుతుంది. మిషను మీద కాదు, సూదీ దారంతో నేనే చేత్తో కుడతాను. ఒక పూట పడుతుంది. కళ్లు కాస్త మందగించినా ఆ కుట్టు వేళ్లకు తెలుసు.

బండి తెచ్చేటప్పుడు చంటిదాని సీటు కూడా డిక్కీలో వేసుకురండి. అది బిగించి చూసి, కొక్కాలు ఎక్కడ వస్తాయో సుద్దతో గీసుకున్నాకే కత్తెర పెడతాను. మీ పెద్దమ్మ ఆ రోజుకు చేపల పులుసు వండుతానంటోంది. తిరిగి పోయేటప్పుడు గిన్నె ఇస్తే ఒళ్లో పెట్టుకోకుండా కాళ్ల దగ్గర మ్యాట్ మీద పెట్టుకో.

ఇట్లు
మీ పెదనాన్న