హనుమకొండలో గేమింగ్, యానిమేషన్ కోర్సు: చేరేముందు ఏం అడగాలి, చేరాక ఏం పట్టుకోవాలి

ప్రశ్న: ఇంటర్ ఎంపీసీ అయిపోయింది. హనుమకొండలో మూడేళ్ల గేమ్ డెవలప్‌మెంట్, యానిమేషన్ కోర్సు చూసొచ్చిన. ఇంట్లో బీటెక్ చెయ్యమంటున్నరు. ఈ కోర్సు పనికొస్తదా? ల్యాప్‌టాప్ ఏది కొనాలి?

జవాబు:

తమ్ముడూ, బ్రోచర్ మీద గేమింగ్, యానిమేషన్ అని ఒకే గాటన కట్టేస్తారు గానీ అవి రెండు వేర్వేరు పనులు. బొమ్మను నడిపించడం ఒకటి, ఆ బొమ్మ ఆడేవాడి మాట వినేలా కోడ్ రాయడం ఇంకొకటి. నీకు కోడ్ ఇష్టమైతే ఇంట్లోవాళ్లు చెప్పినట్టు బీటెక్ సీఎస్‌ఈలో చేరి, గేములు పక్కన చేసుకోవడమే మేలు. బొమ్మల మీద మనసుంటే మాత్రం బీటెక్‌లో నాలుగేళ్లు పోతాయి. అప్పుడు ఈ కోర్సు, లేదా హైదరాబాద్ మాసబ్ ట్యాంక్‌లోని జేఎన్‌ఏఎఫ్‌ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ)లో బీఎఫ్‌ఏ యానిమేషన్ చూడు. దానికి ఎంట్రెన్స్ వేరే ఉంటుంది, డ్రాయింగ్ ప్రాక్టీసు లేకుండా పోతే కష్టం.

కాలేజీకి మళ్లీ ఒకసారి వెళ్లు. ఆఫీసు గదిలో కాదు, ల్యాబ్‌లో కూర్చో. ఒక సిస్టమ్ ఆన్ చేయించి, త్రీడీ బొమ్మలు చేసే ఉచిత సాఫ్ట్‌వేర్ బ్లెండర్ తెరువు. కొత్త వెర్షన్లకు ఓపెన్‌జీఎల్ 4.3 అనే గ్రాఫిక్స్ ప్రమాణం నడిపే కార్డు కావాలి, అది లేని పాత సిస్టమ్‌లలో బ్లెండర్ తెరుచుకోదు. సిస్టమ్‌కు ఎంతమంది కూర్చుంటారు, క్లాసు అయిపోయాక ల్యాబ్ తెరిచే ఉంచుతారా అని అడుగు. సర్టిఫికెట్ ఇచ్చేది ఏ యూనివర్సిటీ, ఏ బోర్డు అన్నది కాగితం మీద చూపించమను. ఈపాస్ (ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్) ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుందో రాదో కూడా అక్కడే తేలిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పోయిన బ్యాచ్ పిల్లలు చేసిన గేము ఒకటి ఫోన్‌లో ఆడి చూపించమను. వీడియో చూపిస్తే ఒప్పుకోకు.

ఇక అసలు సంగతి. ఒక సెమిస్టర్‌లో బ్లెండరో, అలాంటిదే అయిన మాయానో చెప్తారు, ఇంకో సెమిస్టర్‌లో యూనిటీ, అంటే గేమును నడిపించే ఇంజిన్ సాఫ్ట్‌వేర్ చెప్తారు. చేసిన బొమ్మను అక్కణ్నుంచి ఇక్కడికి తేవడం మాత్రం చాలాచోట్ల ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు. పిల్లల ప్రాజెక్టులు ఆగిపోయేది అక్కడే. కాబట్టి మొదటి ఏడాదిలోనే ఒక మనిషి బొమ్మ చేసి, నడక ఇచ్చి, ఇంజిన్‌లోకి దించు. అందం సంగతి తర్వాత.

నడక ఇట్లా కట్టు. సెకనుకు 24 ఫ్రేముల (వరుసగా వచ్చే బొమ్మల) లెక్కన, ఒక సెకనులో రెండు అడుగులు. 1వ ఫ్రేములో కుడి మడమ నేలకు తాకాలి, 13లో ఎడమ మడమ, 25లో మళ్లీ 1వ ఫ్రేము కాపీ. మధ్యలో 4 దగ్గర నడుము కిందికి దిగుతుంది, 7 దగ్గర కాళ్లు ఒకదాన్నొకటి దాటుతాయి, 10 దగ్గర ఒళ్లు పైకి లేస్తుంది. అందరూ తప్పు చేసేది చివరి ఫ్రేము దగ్గర. వీడియోగా రెండర్ చేస్తే 24 దగ్గర ఆపాలి, లేకపోతే ఒకే బొమ్మ రెండుసార్లు వచ్చి చిన్న కుదుపు కనిపిస్తుంది. యూనిటీకి పంపేటప్పుడు మాత్రం 25 దాకా ఉంచాలి, ఎందుకంటే ఇంజిన్ ఫ్రేములు కాదు, కాలం లెక్క చూస్తుంది. అక్కడ 24కే కోస్తే ఆఖరి అడుగు ఎగిరినట్టు పడుతుంది. యూనిటీలో ఆ యానిమేషన్ సెట్టింగ్స్‌లో లూప్ టైమ్ (మళ్లీ మళ్లీ తిరగడం) టిక్ చేశాక లూప్ మ్యాచ్ పక్కన పచ్చ లైటు వస్తే సరిగ్గా కుదిరినట్టు.

ఇప్పుడు బొమ్మ నడుస్తుంది గానీ, మంచు మీద జారుతున్నట్టుంటుంది. కారణం కోడ్‌లో వేగం, కాళ్ల వేగం వేరు కావడమే. 1వ ఫ్రేములో ముందు మడమకు, వెనక మడమకు మధ్య దూరం కొలువు. 0.7 మీటర్లు వచ్చిందనుకో, రెండు అడుగులకు 1.4 మీటర్లు. సైకిల్, అంటే ఈ రెండు అడుగుల చుట్టు, ఒక సెకను కాబట్టి కోడ్‌లో వేగం సెకనుకు 1.4 ఉండాలి. 3 పెడితే జారక ఏం చేస్తుంది? పరుగు కావాలంటే పరుగుకు వేరే సైకిల్ కట్టాలి.

ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు మూడు విషయాలు. బొమ్మను కదిలించే ఎముకలు (రిగ్) కట్టకముందే బొమ్మను ఎంచుకుని కంట్రోల్-ఏ నొక్కి స్కేల్ అప్లై చెయ్యి, లేదంటే యూనిటీలో చీమంతో కొండంతో అయిపోతుంది. బొమ్మను యూనిటీకి పంపే ఫైల్ రకం ఎఫ్‌బీఎక్స్ ఎక్స్‌పోర్ట్ విండోలో 'ఆడ్ లీఫ్ బోన్స్' టిక్ తీసెయ్యి, 'ఓన్లీ డిఫార్మ్ బోన్స్' టిక్ పెట్టు, అప్పుడు పనికిరాని ఎముకలు వెంటరావు. బొమ్మ ఒంటి మీద రంధ్రాలు కనిపిస్తే మోడల్ పాడైందని కంగారుపడకు. నార్మల్స్, అంటే బొమ్మ ఉపరితలం ఎటు చూస్తుందో చెప్పే దిశలు, తిరగబడి ఉంటాయి. బ్లెండర్‌లో ఫేస్ ఓరియెంటేషన్ ఆన్ చేస్తే అవి ఎర్రగా కనిపిస్తాయి. ఎడిట్ మోడ్‌లో అన్నీ ఎంచుకుని షిఫ్ట్-ఎన్ కొడితే చాలావరకు సర్దుకుంటాయి. మెటీరియల్ మొత్తం గులాబీ రంగులోకి మారితే అది షేడర్ (ఉపరితలం ఎలా కనిపించాలో చెప్పే కోడ్) గొడవ. ప్రాజెక్టు బొమ్మను తెర మీద గీసే పద్ధతి (రెండర్ పైప్‌లైన్)కూ, ఆ మెటీరియల్‌కూ పొత్తు కుదరలేదన్నమాట.

టెక్స్చర్ల, అంటే బొమ్మ మీద చుట్టే చిత్రాల దగ్గర అందరికీ ఆశ ఎక్కువ. 4096 సైజు టెక్స్చర్ ఒక్కటి కుదించకుండా పెడితే 64 ఎంబీ మెమరీ తింటుంది. అలాంటివి పది పెడితే మామూలు ఫోన్ చేతులెత్తేస్తుంది. 2048 అయితే 16 ఎంబీ, అదే ఏఎస్‌టీసీ 6x6 అనే ఫోన్ల కుదింపు పద్ధతిలో కుదిస్తే 2 ఎంబీలోపే. ఫోన్ తెర మీద తేడా కనిపెట్టేవాడు అరుదు.

కోడ్ వైపు వెళ్లేవాడివైతే ఇంటర్ ఫస్ట్ ఇయర్ 1ఏ పుస్తకం అమ్మెయ్యకు. డాట్ ప్రాడక్ట్ ఎందుకని తిట్టుకునే ఉంటావు. గేములో శత్రువు చూపు దానితోనే కడతారు. వాడి ముఖం ఎటుందో ఆ దిశ ఒక వెక్టార్, వాడి నుంచి ఆటగాడి వైపు దిశ ఇంకో వెక్టార్, రెండింటి పొడవూ 1. డాట్ ప్రాడక్ట్ 0.5 కన్నా ఎక్కువ వస్తే అటూ ఇటూ 60 డిగ్రీల లోపల ఉన్నట్టు, అంటే కనబడ్డట్టు. ఇంకొకటి, కదలికను టైమ్ డాట్ డెల్టాటైమ్ (పోయిన ఫ్రేముకు పట్టిన సమయం)తో గుణించడం మర్చిపోకు. మర్చిపోతే ల్యాబ్‌లో 60 హెర్ట్జ్ మానిటర్ మీద బుద్ధిగా నడిచిన బొమ్మ, డెమో రోజు 144 హెర్ట్జ్ ల్యాప్‌టాప్ మీద దాదాపు రెండున్నర రెట్లు వేగంగా పరుగెత్తి గోడకు గుద్దుకుంటుంది.

నలుగురు కలిసి ప్రాజెక్టు చేస్తే పెన్‌డ్రైవ్‌లలో 'ఫైనల్', 'ఫైనల్2' అని మోసుకు తిరగొద్దు, ఫైళ్ల మార్పులన్నీ దాచిపెట్టే గిట్ నేర్చుకోండి. యూనిటీలో లైబ్రరీ ఫోల్డర్ ఎక్కించొద్దు, అది తనంతట తానే మళ్లీ తయారవుతుంది. ప్రతి ఫైలు పక్కన యూనిటీ పెట్టే మెటా ఫైళ్లు మాత్రం తప్పకుండా ఎక్కించాలి. అవి లేకపోతే అవతలివాడి సిస్టమ్‌లో ఏ స్క్రిప్టు ఏ బొమ్మదో తెగిపోతుంది. 100 ఎంబీ దాటిన ఫైలును గిట్‌హబ్ (గిట్ ప్రాజెక్టులు ఆన్‌లైన్‌లో పెట్టే సైటు) తీసుకోదు, దానికి పెద్ద ఫైళ్ల కోసం చేసిన గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ ఉంది.

పోర్ట్‌ఫోలియోకు యూట్యూబ్ చూసి చేసిన కత్తి, డ్రమ్ము, డోనట్ పెట్టకు, అందరి దగ్గరా అవే. ఆటో ఎక్కి ఖిలా వరంగల్ పో. అక్కడ నాలుగు కీర్తి తోరణాలున్నాయి, దాదాపు ఒకేలా ఉంటాయి. ఒక్కటి మోడల్ చేస్తే నాలుగుచోట్లా వాడొచ్చు. ఆ ఒక్కదాన్నీ సగం చేసి, రెండో సగాన్ని అద్దంలోలా తయారుచేసే మిర్రర్ మాడిఫయర్ వెయ్యి. అంచుల చెక్కడాలను అన్నిటికీ కలిపి ఒకే 2048 ట్రిమ్ షీట్ (పలుచోట్ల వాడుకునే పట్టీల టెక్స్చర్)లో సర్దు, చిన్న నగిషీలు లోతు ఉన్నట్టు భ్రమ కల్పించే నార్మల్ మ్యాప్‌కు వదిలెయ్యి. ఫొటోలు ఎండ లేనప్పుడు, మబ్బు పట్టినప్పుడు తీసుకో. మిట్టమధ్యాహ్నం తీస్తే నీడలు టెక్స్చర్‌లోనే అచ్చుపడి, గేములో సూర్యుణ్ని ఎటు తిప్పినా అవి కదలవు. డ్రోన్ తీసుకెళ్లకు, అది పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం.

చిన్న గేము పూర్తయ్యాక ముందు చిన్న గేములు పెట్టుకునే సైటు ఇచ్ డాట్ ఐఓలో పెట్టు, ఖర్చు లేదు. ప్లే స్టోర్‌కు ఒక్కసారి 25 డాలర్లు కట్టాలి. కొత్త వ్యక్తిగత అకౌంట్ అయితే 12 మంది టెస్టర్లు వరుసగా 14 రోజులు టెస్టులో కొనసాగాలి, మధ్యలో ఒకడు తప్పుకున్నా సంఖ్య తగ్గిపోతుంది. క్లాసులో 15 మందిని ముందే మాట్లాడి పెట్టుకో.

ల్యాప్‌టాప్ ఇప్పుడే కొనకు. మొదటి సెమిస్టర్ ల్యాబ్‌లో గడిపి, కోడా బొమ్మలా తేల్చుకున్నాక కొను. త్రీడీ అయితే 16 జీబీ ర్యామ్, 6 జీబీ మెమరీ ఉన్న ఎన్విడియా కార్డు, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. అన్‌రియల్ అనే ఇంకో గేమ్ ఇంజిన్ ఒక్కటే పదుల జీబీలు మింగుతుంది కాబట్టి ఎస్‌ఎస్‌డీలో తగ్గించుకోకు. చేతిలో అంత డబ్బు లేకపోతే ఇంట్లో ఉన్న 8 జీబీ ల్యాప్‌టాప్ మీద గోడో అనే తేలికైన ఉచిత ఇంజిన్‌లో టూడీ గేము మొదలుపెట్టు, దాన్ని ఇన్‌స్టాల్ కూడా చెయ్యనక్కర్లేదు. యానిమేషన్‌కు తెర లేని చిన్న పెన్ ట్యాబ్లెట్ సరిపోతుంది. తెర ఉన్నదే కావాలని షాపువాడు చెప్తే వినకు.