అమెరికాలో తల్లి కాబోతున్నవారికి: వయసు, బరువు గురించి నాలుగు మాటలు

"గ్రీన్ కార్డు వచ్చాక పిల్లల సంగతి చూద్దామనుకుంటున్నాం అక్కా." కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయిల నోట ఈ మాట విన్నప్పుడల్లా నాకు దిగులేస్తుంది. ఇండియాలో పుట్టినవాళ్ళకి ఉద్యోగం ద్వారా గ్రీన్ కార్డు ఇచ్చే ఈబీ-2, ఈబీ-3 కేటగిరీల క్యూ పదేళ్ళు దాటిపోయింది. 28 ఏళ్ళ అమ్మాయి ఆ కార్డు కోసం ఆగితే, అది చేతికొచ్చేసరికి వయసు నలభైకి చేరువవుతుంది. పిల్లలు వద్దనుకున్నా, కొన్నాళ్ళు ఆగుదామనుకున్నా అది మీ ఇద్దరి ఇష్టం, ఎవరూ కాదనరు. కానీ ఆ నిర్ణయాన్ని, క్యూ ఎక్కడిదాకా వచ్చిందో నెలనెలా చెప్పే వీసా బులెటిన్‌కి ముడిపెట్టకండి. ఉద్యోగం, ఇల్లు, కార్డు కొంచెం వెనకా ముందూ అయినా ఫరవాలేదు, వయసు మాత్రం ఆగదు.

నేను డాక్టరుని కాను. ఏళ్ళ తరబడి ఇక్కడ ఉండి, మన అమ్మాయిలతో పాటు ఆస్పత్రులకు తోడు వెళ్ళి, డాక్టర్లను అడిగి తెలుసుకున్నవే చెబుతున్నాను. మీ ఒంటికి ఏది సరిపోతుందో చెప్పాల్సింది మీ డాక్టరే. అయితే ఏం అడగాలో ముందే తెలిస్తే ఆ పదిహేను నిమిషాల అపాయింట్‌మెంట్ వృథా పోదు.

ముందుగా వయసు సంగతి. ఇక్కడ 35 దాటితే ఫైల్లో "అడ్వాన్స్‌డ్ మెటర్నల్ ఏజ్" (తల్లి వయసు ఎక్కువ) అని రాస్తారు. ఆస్పత్రి వెబ్‌సైట్‌లో తమ ఫైలు తెరిచి అది చూసి ఏడ్చిన అమ్మాయిలు ఉన్నారు. 35వ పుట్టినరోజు నాడు ఒంట్లో ఒక్కసారిగా ఏదీ మారిపోదు. 35 దాటి పండంటి బిడ్డల్ని కన్నవాళ్ళు మన కాలనీల్లోనే బోలెడుమంది. ఆ మాట రాయడం వల్ల కొన్ని పరీక్షలు, కొన్ని మందులు ముందుకు జరుగుతాయి, అంతే. ఆ సౌకర్యాన్ని వాడుకోండి. 35 లోపు వాళ్ళు ఏడాది ప్రయత్నించినా నెల తప్పకపోతే డాక్టర్ని కలవమంటారు. 35 దాటితే ఆరు నెలలే ఆగమంటారు. 40 దాటితే అసలు ఆగకుండా వెళ్ళమంటారు. వెళ్ళేటప్పుడు ఇద్దరూ కలిసి వెళ్ళండి. భర్తకు చేసే పరీక్ష తేలిక, ఖర్చూ తక్కువ. అయినా మన ఇళ్ళలో అమ్మాయికి అన్ని పరీక్షలూ అయ్యాకే అబ్బాయి వంతు వస్తుంది. దానివల్ల పోయేది విలువైన నెలలు.

ఫోలిక్ యాసిడ్ రోజుకు 400 మైక్రోగ్రాములు, నెల తప్పాక కాదు, కనీసం ఒక నెల ముందు నుంచే మొదలుపెట్టాలి. శాకాహారులైతే బీ12 కూడా చూపించుకోండి. తల్లికి బీ12 తక్కువైతే తల్లిపాల మీదే ఉన్న బిడ్డకూ తక్కువవుతుంది.

వయసుతో పెరిగే వాటిలో అందరూ భయపడేది డౌన్ సిండ్రోమ్‌కి, అంటే ఒక క్రోమోజోము ఎక్కువై బిడ్డ ఎదుగుదల నెమ్మదించే పరిస్థితికి. 25 ఏళ్ళ తల్లికి దాదాపు 1,250 మందిలో ఒకరికి, 35 ఏళ్ళకి సుమారు 350లో ఒకరికి, 40 ఏళ్ళకి సుమారు 100లో ఒకరికి ఆ అవకాశం ఉంటుంది. అంటే 40లో కూడా వందకు తొంభై తొమ్మిది మందికి ఆ సమస్య రాదు. పదో వారం తర్వాత తల్లి రక్తంతో ఎన్ఐపీటీ అనే పరీక్ష చేస్తారు. అది కేవలం స్క్రీనింగ్, అంటే అవకాశం ఎంతో చెబుతుంది కానీ ఖాయం చేయదు. అందులో అనుమానం వస్తే ఉమ్మనీటి పరీక్ష లాంటి దానితో నిర్ధారించుకున్నాకే ఏ నిర్ణయమైనా. ఈ పరీక్షలోనే ఆడో మగో కూడా తెలిసిపోతుంది. ఇండియాలో 1994 చట్టం ప్రకారం చెప్పకూడనిది, ఇక్కడ నర్సు ఫోన్లో మామూలుగా చెప్పేస్తుంది. తెలుసుకోవద్దనుకుంటే రక్తం ఇచ్చేటప్పుడే చెప్పాలి.

ఇంకొక ముఖ్యమైన విషయం చాలామందికి తెలియదు. బీపీ పెరిగి తల్లికీ బిడ్డకీ ముప్పు తెచ్చే ప్రీ-ఎక్లాంప్సియా రాకుండా 81 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ ఇస్తారు. మొదటి కాన్పు, 35 దాటిన వయసు, 30 దాటిన బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందా అని చూసే లెక్క), అమ్మకో అక్కకో చెల్లికో ఇది వచ్చి ఉండటం, ఐవీఎఫ్‌తో (టెస్ట్ ట్యూబ్ పద్ధతిలో) గర్భం రావడం, ఇలాంటి వాటిలో రెండు ఉంటే ఆ మాత్ర గురించి మాట్లాడాల్సిందే. 36 ఏళ్ళకు మొదటి కాన్పు అంటే ఆ లెక్కన రెండూ ఉన్నట్టే. 12వ వారం నుంచి మొదలుపెడతారు, 16 లోపు మొదలైతే మేలు. డాక్టరు మరిచిపోయినా మీరు అడగండి. సొంతంగా మాత్రం వేసుకోవద్దు.

ఇక బరువు. అపాయింట్‌మెంట్‌కి వెళ్ళగానే, కుర్చీలో కూర్చోకముందే, కోటు విప్పించి తూకం మీద నిలబెడతారు. పౌండ్లలో అంకె చూసి మనవాళ్ళు ఉలిక్కిపడతారు. 2.2తో భాగిస్తే కిలోలు వస్తాయి. అది అవమానించడం కాదు, వచ్చిన ప్రతిసారీ తూస్తారు. అయితే ఇక్కడ మన శరీరానికి సంబంధించిన తిరకాసు ఒకటుంది. గోడ మీద చార్టులో బీఎంఐ 25 దాకా మామూలే అని ఉంటుంది. మనవాళ్ళకు సన్నగా కనిపిస్తూనే పొట్ట దగ్గర కొవ్వు చేరుతుంది, షుగర్ తక్కువ బరువుకే వస్తుంది. 2004లోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా వాళ్ళకు 23 దగ్గరే జాగ్రత్త మొదలుకావాలని, 27.5 దాటితే ముప్పు ఎక్కువని చెప్పారు. 2015లో అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ ఆసియా మూలాల వాళ్ళకు షుగర్ పరీక్ష 23 నుంచే చేయమంది. 5 అడుగుల 2 అంగుళాల అమ్మాయికి 57 కిలోలంటే దాదాపు 23, 62 అంటే 25, 68 అంటే 27.5. అంటే 60 కిలోలున్న అమ్మాయిని ఇక్కడి డాక్టరు "యూ ఆర్ పర్ఫెక్ట్" అని పంపేయొచ్చు. ఇంట్లో అమ్మానాన్నలకు షుగర్ ఉందని, మన మూలాలు ఇవని మొదటి విజిట్‌లోనే చెప్పి, 24వ వారం దాకా ఆగకుండా ముందే ఒకసారి షుగర్ చూడమని అడగండి. అడిగితే కాదనేవాళ్ళు తక్కువ.

బరువెంత పెరగాలి? ఇక్కడ డాక్టర్లు అనుసరించే 2009 నాటి లెక్క ఇది. గర్భానికి ముందు బరువు సరిగ్గా ఉంటే మొత్తం మీద 11.5 నుంచి 16 కిలోలు. బీఎంఐ 25 నుంచి 30 మధ్య ఉంటే 7 నుంచి 11.5. అంతకు మించి ఉంటే 5 నుంచి 9. మరీ సన్నగా, 18.5 కన్నా తక్కువ ఉంటే 12.5 నుంచి 18. "ఇద్దరి తిండి తినమ్మా" అని అమ్మ ఫోన్లో ప్రేమగా చెబుతుంది. మొదటి మూడు నెలల్లో అదనంగా ఏమీ అక్కర్లేదు. వేవిళ్ళతో రెండు కిలోలు తగ్గినా కంగారు లేదు, కానీ నీళ్ళు కూడా నిలవకపోతే ఫోన్ చేయాలి. అలాగని కడుపుతో ఉండగా డైటింగ్ పెట్టుకోవద్దు. తగ్గాలనుకుంటే ముందే తగ్గాలి.

షుగర్ పరీక్ష 24 నుంచి 28 వారాల మధ్య ఉంటుంది. 50 గ్రాముల గ్లూకోజున్న తియ్యటి డ్రింకు తాగించి గంట తర్వాత రక్తం తీస్తారు. అది ఎక్కువొస్తే పరగడుపున 100 గ్రాములతో మూడు గంటల పరీక్ష. తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి, కొందరికి కళ్ళు తిరుగుతాయి. అందులోనూ ఎక్కువే వస్తే డైటీషియన్ దగ్గరికి పంపిస్తారు. ఆ కాగితంలో టర్కీ శాండ్‌విచ్, కాటేజ్ చీజ్ ఉంటాయి. మనవాళ్ళు అది ఇంటికి తెచ్చి ఫ్రిజ్‌కి అంటించి, మామూలుగా తినేది తింటుంటారు. దానికి బదులు మన తిండితోనే లెక్క వేయించండి. వండిన అన్నం కొలిచే కప్పులో మూడో వంతు అంటే 15 గ్రాముల కార్బ్స్ (షుగర్‌ని పెంచే పిండి పదార్థం). నిండు కప్పు 45. మనం పళ్ళెంలో పెట్టుకునేది చాలాసార్లు రెండు కప్పులు. అన్నం ముప్పావు కప్పుకి తగ్గించి, పప్పు, ఆకుకూర, గుడ్డు పెంచి, మజ్జిగతో ముగించి, తిన్నాక పావుగంట ఇంటి చుట్టూ నడిస్తే అంకెలు దిగుతాయి. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు, రెండు గంటలకు 120 లోపు ఉండాలంటారు. అప్పటికీ దిగకపోతే ఇన్సులిన్ ఇస్తారు. దాన్ని తప్పు చేసినందుకు శిక్షలా చూడకండి. అది బిడ్డకు చేరదు, తల్లి షుగర్‌ని అదుపులో పెడుతుంది.

ఊరి నుంచి వచ్చే లేహ్యాలు, చూర్ణాల గురించి గట్టిగానే చెబుతాను. 2011, 2012లలో న్యూయార్క్ నగరంలో ఆరుగురు గర్భిణులకు రక్తంలో సీసం ఎక్కువగా కనిపించింది. వాళ్ళు వాడిన ఆయుర్వేద మందులే అందుకు కారణమని ఆరోగ్య శాఖ తేల్చింది. ఇంట్లో దంచిన బాలింత కారం వేరు, లేబులు లేని డబ్బా వేరు. ఇండియా నుంచి తెచ్చుకున్న బీపీ, థైరాయిడ్ మందుల స్ట్రిప్పులు డాక్టరుకి చూపించండి. బ్రాండు పేరు ఇక్కడ ఎవరికీ తెలియదు, లోపలి మందు పేరు చూపాలి. కొన్ని బీపీ మందులు గర్భంలో పనికిరావు, థైరాయిడ్ మాత్ర మాత్రం సొంతంగా ఆపకూడదు.

ఇన్సూరెన్స్ సంగతి క్లుప్తంగా. కంపెనీ ప్లాన్‌లో గర్భాన్ని పాత జబ్బు అని తోసేయరు. కానీ చాలా ప్లాన్లలో డిడక్టబుల్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టే ముందు మనం పెట్టుకోవాల్సిన మొత్తం) జనవరి 1న మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఫిబ్రవరి కాన్పు అయితే రెండు ఏళ్ళ ఖర్చూ లెక్కేసుకోవాలి. బిడ్డ పుట్టిన 30 రోజుల్లో కంపెనీ ప్లాన్‌లో చేర్చాలి, సోషల్ సెక్యూరిటీ నంబరు వచ్చేదాకా ఆగొద్దు. ఉద్యోగం పోతే పాత కంపెనీ ప్లాన్‌నే సొంత డబ్బుతో కొనసాగించుకునే కోబ్రా ఎంచుకోవడానికి 60 రోజులు ఉంటాయి.

అమ్మ, అత్తయ్య వస్తారు. టికెట్ కొన్నప్పుడే వాళ్ళకు టీడాప్ (కోరింత దగ్గు, ధనుర్వాతం, డిఫ్తీరియా రాకుండా వేసేది), ఫ్లూ టీకాలు వేయించమనండి. టీడాప్ బిడ్డ దగ్గరికి రావడానికి రెండు వారాల ముందే పడాలి. కాబోయే తల్లికి ప్రతి గర్భంలోనూ 27 నుంచి 36 వారాల మధ్య వేస్తారు. వాళ్ళు వచ్చాక మొదలయ్యే గొడవ బిడ్డ బరువు. పుట్టిన బిడ్డ మొదటి రోజుల్లో 7 నుంచి 10 శాతం దాకా తగ్గడం మామూలే, రెండు వారాల్లోపు మళ్ళీ పుట్టిన బరువుకి చేరాలి. మూడు కిలోల పాప 2.8కి తగ్గితే "పాలు చాలట్లేదు, డబ్బా పాలు పట్టు" అంటారు. అయిదో రోజు నుంచి రోజుకు ఆరు తడి డైపర్లు అవుతున్నాయా, ఆ తర్వాత రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరుగుతోందా, ఇవి చూడండి. పెరగకపోతే మాత్రం పట్టుదలకు పోకుండా డాక్టరు చెప్పినట్టు ఫార్ములా పట్టండి. తల్లిపాలు తక్కువైనంత మాత్రాన అమ్మతనం తగ్గదు.

తర్వాత పర్సెంటైల్, అంటే అదే వయసు పిల్లల్లో మీ పాప బరువు ఎక్కడ ఉందో చెప్పే అంకె. పదో పర్సెంటైల్ అంటే నూటికి పది మార్కులనుకుని బెంగపడతారు. నూరుమంది పిల్లల్లో పదిమంది మీ పాప కంటే తేలిగ్గా ఉన్నారని దానర్థం. నాలుగో నెలలో పదో గీత మీద ఉన్న పాప ఆరో నెలలోనూ అక్కడే ఉంటే చక్కగా పెరుగుతున్నట్టే. యాభై నుంచి పదికి జారితే అప్పుడు కారణం వెతకాలి. బొద్దుగా కావాలని ఆవుపాలు, తేనె ఏడాది లోపు ఇవ్వకండి. తేనెతో బోటులిజం (పసిపిల్లల కండరాలను చచ్చుబడేలా చేసే జబ్బు) ప్రమాదం. తల్లిపాల బిడ్డకు మొదటి రోజుల నుంచి విటమిన్ డీ 400 యూనిట్ల చుక్కలు. తల గుండ్రంగా రావాలని అత్తయ్య కుట్టి తెచ్చిన ఆవాల దిండుని జ్ఞాపకంగా దాచండి, ఉయ్యాల్లో పెట్టకండి. బిడ్డను గట్టి పరుపు మీద, దిండు దుప్పటి లేకుండా, వెల్లకిలా పడుకోబెట్టాలి. దుకాణంలో కొన్న కాటుకల్లో సీసం ఉండొచ్చు, దిష్టి చుక్కకైనా వద్దు. పెద్దవాళ్ళకు ఈ మాటలు కోడలు చెబితే కోపాలు వస్తాయి. మొదటి వారం విజిట్‌కి వాళ్ళనూ తీసుకెళ్ళి పీడియాట్రిషియన్ చేత చెప్పించండి.

బిడ్డ వచ్చాక తల్లిని అందరూ మరిచిపోతారు. కాన్పయ్యాక ఆరు వారాల దాకా బీపీ పెరగొచ్చు. తగ్గని తలనొప్పి, కళ్ళు మసకబారడం, ఆయాసం ఉంటే అర్ధరాత్రి అయినా ఆస్పత్రికి వెళ్ళాలి. బీపీ 160/110 దాకా పెరిగేవరకు ఆగడం కన్నా ఇంట్లోనే ఒక బీపీ మెషిన్ ఉంచుకుని 140/90 దగ్గరే ఫోన్ చేయడం మంచిది. ఏడుపు ఆగకపోతే, బిడ్డ మీద మనసు పోకపోతే అది మీ తప్పు కాదు. 1-833-852-6262 అనే ప్రభుత్వ నంబరుకి తల్లులు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు. కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్ళు కాన్పయిన 4 నుంచి 12 వారాల మధ్య 75 గ్రాముల గ్లూకోజ్ పరీక్ష చేయించుకోవాలి. పాపాయి పనుల్లో అది చాలామంది వదిలేస్తారు. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చే ముందే ఆ తేదీ వేయించుకుని, మీ ఆయన ఫోన్లో కూడా పెట్టించండి. ఆ రోజు పాపను ఎవరు చూసుకోవాలో కూడా అప్పుడే మాట్లాడుకోండి.