షార్జాలో కొత్త ఇంగ్లిష్ టీచరు: కోర్సుకు డబ్బు కట్టేముందు

సందేహం: ఏప్రిల్‌లో షార్జాలోని ఒక ఇండియన్ స్కూల్లో ఇంగ్లిష్ టీచరుగా చేరాను. ఎం.ఏ., బి.ఎడ్. ఉన్నాయి. ఇక్కడ పైకి రావాలంటే ఇంగ్లిష్‌ను పరాయి భాషగా నేర్పడానికి ఇచ్చే సర్టిఫికెట్ కోర్సులు, టెఫెల్ గానీ సెల్టా గానీ, చేయాలంటున్నారు. ఏది చేయమంటారు?

జవాబు: ఈ ఏడాది డబ్బు కట్టే కోర్సు ఏదీ వద్దమ్మా. ఇక్కడ ఇంగ్లిష్ పాఠాలు చెప్పుకుంటూనే నా పిల్లల్ని చదివించి, విజయవాడలో ఇల్లు కట్టుకున్నదాన్ని. నా మాట విను.

నేను వచ్చిన కొత్తలో స్టాఫ్‌రూమ్ నిండా సర్టిఫికెట్ల కబుర్లే. అవి లేకపోతే కాంట్రాక్టు పొడిగించరేమోనని నాకు ఒకటే టెన్షన్. ఆన్‌లైన్లో 120 గంటల టెఫెల్ కనిపించగానే క్రెడిట్ కార్డు మీద కట్టేశాను. వీడియోలు చూడడం, క్విజ్‌లకు జవాబులు నొక్కడం, అంతే. పిల్లల ముందు నిలబడే పని లేదు, నా పాఠం చూసేవాళ్లూ లేరు. సర్టిఫికెట్ ప్రింటు తీసి పట్టుకెళ్తే హెచ్.ఆర్. ఆవిడ ఒక్కటే అడిగింది: "మీ క్లాసులో కూర్చుని చూసిందెవరు?" నా దగ్గర జవాబు లేదు. కాగితం ఫైల్లోకి పోయింది, జీతం ఒక్క దిర్హం పెరగలేదు. కార్డు బాకీ వడ్డీతో తీరేదాకా అమ్మకు పంపే డబ్బులో కోత పడింది. ఆ సంగతి ఇప్పటికీ నా మనసులో ఉంది, అందుకే నీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

నిజంగా నేర్చుకున్నది తర్వాత, దుబాయ్ స్కూల్‌కు మారాక. తనిఖీ వస్తుందంటే మా సూపర్‌వైజర్ వెనక బెంచీలో గడియారం పెట్టుకుని కూర్చుంది. పీరియడ్‌లో చాలాభాగం నా గొంతే వినిపించిందని లెక్క చూపించింది. హైదరాబాద్ స్కూళ్లలో అదే మంచి పాఠం: లైను చదవడం, అర్థం చెప్పడం, ప్రశ్నజవాబులు రాయించడం. పిల్లలకు అందకపోతే ఒక తెలుగు ముక్క అనేసి ముందుకు పోతాం. ఇక్కడ ఒకే క్లాసులో మలయాళం, ఉర్దూ, తమిళం, అరబిక్ మాట్లాడే పిల్లలు ఉంటారు. ఆ తెలుగు ముక్క పనిచేయదు. పిల్లల చేత మాట్లాడించాలి, జంటలుగా పని చేయించాలి, చెప్పింది అర్థమైందో లేదో పదినిమిషాలకోసారి చూసుకోవాలి.

అరబిక్ పిల్లల తప్పులకు కారణాలు తెలుసుకో. వాళ్ల భాషలో 'ప' లేదు కాబట్టి పెన్సిల్ బెన్సిల్ అవుతుంది. వాళ్ల రాతలో పొట్టి అచ్చులు మామూలుగా రాయరు కాబట్టి ఇంగ్లిష్ స్పెల్లింగులో అచ్చులు ఎగిరిపోతాయి. 'హి టీచర్' అని రాస్తే చిరాకు పడకు. 'ఆయన టీచరు' అనే మనకూ అక్కడ క్రియ లేదు, మన పిల్లలూ అదే తప్పు చేస్తారు. ఇంగ్లిష్‌ను పరాయి భాషగా నేర్చుకున్నదానివి, ఇలాంటివి నీకు తొందరగా పట్టుబడతాయి. ఇంగ్లిష్ మాట్లాడే దేశాల పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ల జీతాలు చూసి కుంగిపోవద్దు.

ఇక సెల్టా. మంచిదే, నేనూ చివరికి అదే చేశాను, డబ్బు కూడబెట్టుకున్నాక. కేంబ్రిడ్జ్‌వాళ్ల కోర్సు, దాదాపు 120 గంటలు. అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, ట్యూటర్ పక్కనే ఉండి చూస్తారు. నాలుగు రాత అసైన్‌మెంట్లు కూడా ఉంటాయి. కానీ అది పెద్దవాళ్లకు ఇంగ్లిష్ నేర్పడానికి తయారైన కోర్సు. పిల్లల స్కూల్లో నీ బి.ఎడ్. స్థానాన్ని అది తీసుకోదు. లాంగ్వేజ్ ఇన్‌స్టిట్యూట్ వైపు మారాలనుకుంటేనే దాని విలువ. ఫీజు మన ఇండియన్ స్కూళ్లలో చాలామంది నెల జీతాన్ని మించిపోతుంది. కాబట్టి అప్పు చేసి మాత్రం వద్దు.

అంతవరకు చేతిలో ఉన్నది వాడుకో. మీది సి.బి.ఎస్.ఈ. స్కూలైతే టీచర్లకు ఏటా 50 గంటల శిక్షణ ఎలాగూ తప్పనిసరి. సంతకం పెట్టి నిద్రపోకుండా ఇంగ్లిష్‌కు పనికొచ్చేవి ఏరుకో. బ్రిటిష్ కౌన్సిల్ టీచింగ్ ఇంగ్లిష్ సైట్లో ఉచితంగా చాలా ఉన్నాయి. హైదరాబాద్ ఎఫ్లూలో (ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) దూరవిద్య కోర్సుల ప్రవేశాలు చూడు, అక్కడ ఫీజు రూపాయల్లో ఉంటుంది. జులై, ఆగస్టు సెలవుల్లో ఊరికి ఎలాగూ వెళ్తావు. అన్నిటికంటే, పక్క సెక్షన్ టీచరును వారానికోసారి నీ క్లాసులో కూర్చోమను. తర్వాత నువ్వు వాళ్ల క్లాసులో కూర్చో. దీనికి పైసా ఖర్చు లేదు.

డిగ్రీ అటెస్టేషన్ (ధ్రువీకరణ), టీచర్ అప్రూవల్ (పాఠం చెప్పడానికి అనుమతి) సంగతి ప్రభుత్వ కాగితాల పని చూసే స్కూల్ పి.ఆర్.ఓ.నీ, అధికారిక సైట్లనీ అడుగు. అవి మారుతూ ఉంటాయి.

డబ్బు విషయం మాత్రం నాలుగు మాటలు ఎక్కువే చెబుతాను. సర్టిఫికెట్ తెస్తే జీతం పెంచుతామని నోటిమాటగా అంటారు. ఎంత పెంచుతారో, ఎప్పటినుంచి పెంచుతారో ఈమెయిల్లో రాయించుకున్నాకే ఫీజు కట్టు. కాంట్రాక్టులో బేసిక్ (అలవెన్సులు కలపని అసలు జీతం) ఎంత ఉందో చూడు. ఉద్యోగం వదిలేటప్పుడు వచ్చే గ్రాట్యుటీని మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్కకడతారు. మొత్తం జీతం మీద కాదు. బేసిక్ తగ్గించి అలవెన్సులు పెంచితే చేతికి వచ్చే గ్రాట్యుటీ చిన్నదే. ఈ సంగతి స్టాఫ్‌రూమ్‌లో ఎవరూ చెప్పరు.

కోర్సు ఫీజు కోసం సాయంత్రాలు ఇంట్లో ట్యూషన్లు పెడదామనిపిస్తుంది. పర్మిట్ లేకుండా పెట్టకు. 2023 చివరినుంచి ప్రైవేటు ట్యూషన్‌కు ప్రభుత్వమే పర్మిట్ ఇస్తోంది. ముందు నీ స్కూల్ ఒప్పుకుంటుందో లేదో అడిగి, దరఖాస్తు పెట్టుకో. పర్మిట్ చేతికొచ్చాక ఇద్దరు పిల్లలతో మొదలుపెట్టు.