రత్నాల జేబుకత్తి గురించి రాయబోతున్న నీకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ చిత్తుప్రతి అందింది. "వజ్రాలు, కెంపులు పొదిగిన అపురూపమైన బంగారు జేబుకత్తి" అంటూ ఎత్తుకున్నావు. రాయి వజ్రమనీ, ఎర్రది కెంపనీ, పిడి బంగారమనీ, వస్తువు అపురూపమనీ ఒక్క వాక్యంలో తేల్చేశావు. రుజువు మాత్రం ఎక్కడా లేదు. భాష బాగుంది, దాని జోలికి పోను. చూసే వరుసే మార్చుకోవాలి.

ఈ కత్తులు యూరప్, అమెరికాల్లో పందొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో కోటు లోపలి వెయిస్ట్‌కోటు జేబుల్లో ఉండేవి. చివరన చిన్న రింగు, దాన్ని గడియారం గొలుసుకు తగిలించేవారు. మూస్తే రెండు మూడు అంగుళాలు. లోపల ఒక చిన్న అలుగు, ఒక గోళ్ల ఆకురాయి, కొన్నిట్లో బుల్లి కత్తెర. చుట్ట కొన కోయడానికీ, కవరు చించడానికీ అంతకన్నా అక్కర్లేదు.

అందరూ రాళ్ల దగ్గర మొదలుపెడతారు. నువ్వు ఉక్కు దగ్గర మొదలుపెట్టు. రాళ్లు మార్చడం తేలిక, పిడి మీద ముద్రలు కొట్టడం ఇంకా తేలిక. అలుగు గురించి మోసగాళ్లు కూడా అంతగా పట్టించుకోరు. అలుగు పిడిలోకి దిగే మొదలు దగ్గర పదింతల భూతద్దం పెట్టి చూడు. "స్టెయిన్‌లెస్" అనో "ఇనాక్స్" అనో ఉంటే ఆ అలుగు 1913కి ముందుది కాదు. తుప్పు పట్టని ఉక్కును షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తయారుచేసింది ఆ ఏడాదే. కత్తుల మీదికి ఎక్కువగా వచ్చింది 1920ల్లో. "జర్మనీ" అని దేశం పేరు ఉంటే సాధారణంగా 1891 తర్వాతది అనుకోవచ్చు, ఎందుకంటే దిగుమతి సరుకు మీద దేశం పేరు ఉండాలని అమెరికా 1890 సుంకాల చట్టంలో పెట్టింది. పేరు లేనంత మాత్రాన అంతకన్నా పాతదని మాత్రం రాయకు.

అలుగు ఎంత అరిగిందో చూడు. గోరు పెట్టి లాగే గాడి కింద ఉక్కు సన్నగా మిగిలితే సానపట్టి సానపట్టి తినేశారన్నమాట. రెండు అలుగుల్లో ఒకటి నల్లబడి, రెండోది నిగనిగలాడితే రెండోదాన్ని అనుమానించు. బంగారు రేకు తొడిగిన చాలా కత్తుల్లో రివెట్లు రేకు కింద దాగి ఉంటాయి. రేకును చీల్చుకుని రివెట్ తల పైకి కనబడితే ఎవరో విప్పి మళ్లీ బిగించారు. తెరుచుకోకపోతే పట్టకారు వాడకు. కీలు దగ్గర ఒక చుక్క కుట్టుమిషను నూనె వేసి ఒక రాత్రి వదిలెయ్. కొబ్బరినూనె వద్దు, జిగురు కడుతుంది. ఏ నూనైనా రాళ్ల వైపు పోనివ్వకు, కారణం కింద చెప్తాను.

ఇక ముద్రలు. ఇంగ్లండు వెండి మీద నడుస్తున్న సింహం ఉంటే వెయ్యిలో 925 పాళ్లు వెండి. లంగరు బర్మింగ్‌హామ్‌ది. కిరీటం షెఫీల్డ్‌ది, అది కూడా వెండి మీదైతేనే. బంగారం మీద కిరీటానికి అర్థం వేరు. ఫ్రాన్సులో 1838 నుంచి గద్ద తల 18 క్యారెట్ బంగారానికి గుర్తు. రష్యాలో లెక్క 96 పాళ్లకి: 56 అంటే 14 క్యారెట్, 84 అంటే 875 వెండి. 1899 నుంచి అక్కడి ముద్రలో సంప్రదాయ శిరోభూషణం పెట్టుకున్న స్త్రీ ముఖం ఉంటుంది. 1908 వరకు ఎడమకు, ఆ తర్వాత కుడికి తిరిగి ఉంటుంది. రష్యా నగల సంస్థ ఫాబెర్జే పేరుతో వచ్చే నకిలీల్లో చాలా ఇక్కడే దొరికిపోతాయి. ఆ సంస్థ పనిమంతుడు మిఖాయిల్ పెర్ఖిన్ 1903లో చనిపోయాడు. అతని పొడి అక్షరాల పక్కన కుడికి తిరిగిన ముఖం ఉంటే ఇక మిగతా కత్తి చూడక్కర్లేదు. ముద్ర ఎక్కడుందో కూడా రాయాలి. రింగు మీద మాత్రమే ఉంటే రింగు ఒక్కటే బంగారం కావచ్చు.

"బరువు 32 గ్రాములు" అని రాసి నేటి ధరతో హెచ్చవేశావు. ఈ లెక్క చెత్తబుట్టలో వెయ్యి. ఆ బరువులో అలుగులు ఉక్కు, వెన్ను స్ప్రింగు ఉక్కు, లోపలి పలకలు ఇత్తడి. బంగారమంటే పైన తొడిగిన పలుచని రేకే. విప్పకుండా దాని బరువు తేలదు, విప్పితే కత్తి విలువే పోతుంది. అమెరికా కత్తుల మీద "1/20 12కె జి.ఎఫ్." అని కనబడితే అది అతుకు రేకు (గోల్డ్ ఫిల్డ్): ఇత్తడి మీద అతికిన 12 క్యారెట్ పొర, రేకు బరువులో ఇరవయ్యో వంతు. రేకు 8 గ్రాములున్నా అందులో 12 క్యారెట్ సరుకు 0.4 గ్రాములు, మేలిమి 0.2 గ్రాములు. మన ఊళ్ల బంగారు కొట్లలోని క్యారెట్ మీటర్ పై పొరనే చదువుతుంది కాబట్టి దీన్ని నిజం బంగారమని చెప్పగలదు. అంచులు, రింగు రాసుకునే చోటు చూడు. ఇత్తడి పసుపు అక్కడ బయటపడుతుంది. గీటురాయి మీద గీయనివ్వకు.

రాళ్ల సంగతి. వజ్రాలు అడుగు చదునుగా, పైన గులాబీ మొగ్గలా ముఖాలు తీర్చినవైతే కాలానికి సరిపోతాయి. అన్నీ ఒకే కొలతలో, యంత్రం తీర్చిన నేటి గుండ్రటి కోతలో ఉంటే తర్వాత పొదిగినవే. కెంపులో వంపు తిరిగిన గీతలు, గుండ్రటి గాలి బుడగలు కనిపిస్తే అది కొలిమిలో చేసిన రాయి. అంత మాత్రాన కత్తి నకిలీ అనకు. ఫ్రెంచి శాస్త్రవేత్త వెర్నుయ్ ఆ పద్ధతిని 1902లో ప్రకటించాక మంచి నగల సంస్థలు కూడా 1920ల్లో ఆ కెంపుల్ని సన్నని పట్టీలుగా కోసి వాడాయి. 1925 కత్తిలో అవి సహజం, 1880 నాటిదని అమ్మే కత్తిలో మొదటి నుంచీ ఉండటం అసంభవం. వెనక మూసిన గూళ్లలో రాయి కింద మెరుపు రేకు ఉంటుంది. నీళ్లో నూనో దిగితే ఆ రేకు నల్లబడి రాయి చచ్చిపోతుంది, మళ్లీ రాదు. గూటి చుట్టూ బూడిద రంగు టంకం మరక కనిపిస్తే సీసం కలిపి అతికారు. చేసిన కంసాలి ఆ పని చేయడు.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్‌దిగా చెప్పే పచ్చరాతి (జేడ్) పిడి పండ్ల కత్తిని ఒకసారి నిలబడి చూడు. కుందనపు పనిలో మేలిమి బంగారాన్ని రాయి చుట్టూ ఒత్తి నింపుతారు, కొక్కేలుండవు. నువ్వు రాస్తున్న కత్తుల్లో రాయిని పట్టేది కొక్కెమో, లేపిన బంగారు గింజో. రెండూ తెలిస్తే "మొఘల్ శైలి" అనే మాట ఊరికే వాడవు.

ఎనామెల్, అంటే లోహం మీద కరిగించిన గాజు రంగు, ఉంటే వాలు వెలుతురులో తిప్పి చూడు. అడుగున చెక్కిన అలలు ఒక చోట మసకబారితే అక్కడ రంగు రెసిన్ పూశారు. అతినీలలోహిత కాంతి దీపం కింద ఆ మచ్చ వేరుగా కనబడవచ్చు.

ఇదంతా అయ్యాక విలువ. అమ్మకందారు అడిగే ధర సాక్ష్యం కాదు, వేలంలో పలికిన ధరే సాక్ష్యం. అది కూడా కొనుగోలుదారు రుసుము కలిపిందో కాదో చూసుకోవాలి. అమ్మకపు విలువ, బీమా విలువ ఒకటి కావు. ఏది రాస్తున్నావో చెప్పు. సంస్థ పేరు, అసలు పెట్టె, అరగని అలుగు ధరను పెంచుతాయి. ఎవరివో తెలియని పొడి అక్షరాలు, చెరిపేసిన ముద్రలు, అతిగా మెరుగుపెట్టిన పిడి తగ్గిస్తాయి. చాలా కత్తులకు రాళ్లు చిన్నవి, వాటి ధరా చిన్నదే. కొనేవాడు పనితనానికే డబ్బిస్తాడు.

మొదటి పేరా ఇలా ఉండాలని నా ఉద్దేశం: "మూస్తే 64 మిల్లీమీటర్లు. రెండు అలుగులు, పెద్దది కొద్దిగా అరిగింది. పిడి పసుపు లోహం, లోపలి అంచున 56 అంకె. ఎర్ర రాళ్లు ఆరు, ఒక గూడు ఖాళీ." కళ్లతో చూసింది ఇంతే. ఊహ రెండో పేరాలో, ఊహ అని చెప్పి రాయి.

పాఠకులకు చట్టం కూడా చెప్పు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువును మన దేశం నుంచి ప్రైవేటు వ్యక్తి బయటికి పంపకూడదు. పిడి ఏనుగు దంతమైతే ఇక్కడ అమ్మడమే నేరం. నీ ఫొటోల్లో మూడోదాని పిడి నాకు దంతంలాగే ఉంది. పక్క నుంచి, చారలు కనబడేలా మళ్లీ తీసి పంపు. అలుగు మొదలు ఫొటో కూడా, అన్నిటికీ.

నీ శ్రేయోభిలాషి